ట్రైలర్ లాగే డీజిల్ పికప్ ఘాట్ రోడ్డులో వేడెక్కుతోంది, చిప్ వేయించవచ్చా?

కొండదారి

అందరికీ నమస్కారం. నాది మూడు లీటర్ల, నాలుగు సిలిండర్ల కామన్ రైల్ డీజిల్ పికప్. ఆరు గేర్ల ఆటోమేటిక్. పాత మోడల్ కాబట్టి పొగ గొట్టంలో డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) లేదు. ఇప్పటికి 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. చిన్న తవ్వకం యంత్రంతో పునాదులు, పైపులైన్ల గుంతలు తీయడం నా వృత్తి. యంత్రాన్ని రెండు ఇరుసుల ట్రైలర్ మీదికి ఎక్కించి వారానికి నాలుగైదు సార్లు ఈ బండితోనే లాగుతాను. ఈ బండి ఆగితే ఇంట్లో నలుగురి జీవనం ఆగుతుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

రెండు నెలల కిందట కొండ అవతల కొత్త పని దొరికింది. దారిలో 9 కిలోమీటర్ల ఎక్కుడు ఉంది, వాలు సగటున ఆరు శాతం. ఇదివరకు చదును నేల మీద ఎంత లాగినా బండి ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇప్పుడు ఎక్కుడులో సగం దూరం వెళ్లేసరికి ఉష్ణోగ్రత ముల్లు మధ్యగీత దాటి పైకి పోతోంది. గేర్లు నాలుగుకీ అయిదుకీ మధ్య ఊగిసలాడుతున్నాయి. వెనక నల్లటి పొగ. అద్దంలో చూస్తే ట్రైలర్ కనబడనంతగా వస్తోంది. పోయినవారం దిగేటప్పుడు చివరి మలుపు దగ్గర బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి జారింది. బండి ఆగింది కానీ నా కాళ్లు చాలాసేపు వణికాయి.

గారేజీలో చూపిస్తే, ఇంజన్‌లో సత్తువ చాలడం లేదు, చిప్ పెడితే 160 హార్స్‌పవర్ 200 అవుతుంది, సులభంగా ఎక్కుతుంది అన్నారు. ఏడాది కిందట వాళ్ల సలహాతోనే పెద్ద టైర్లు వేయించాను, వెనక కూర్చుండిపోతోందని గాలి స్ప్రింగులు కూడా పెట్టించాను. ట్రైలర్, యంత్రం కలిపి 2,580 కిలోలు. బండి లాగగల పరిమితి 3,500 అని పుస్తకంలో ఉంది. అంటే బరువు సమస్య కాదు అనుకుంటున్నాను.

చిప్ వేయించమంటారా? లేక ముందు ఇంకేదైనా చూడాలా?

నల్లపొగ

కొండదారి గారూ, నేను సరిగ్గా ఇదే పరిస్థితిలో చిప్ వేయించాను. మొదటి నెల బండి నిజంగా బాగా లాగింది, సంతోషపడ్డాను కూడా. పద్నాలుగో నెలలో గేర్‌బాక్స్ మూడో గేరు పట్టడం మానేసింది. విప్పి చూస్తే క్లచ్ పళ్లేలు బొగ్గులా ఉన్నాయి. గేర్‌బాక్స్ తయారుచేసినవాళ్లు ఒక టార్క్ (తిప్పే బలం) లెక్కపెట్టుకుని చేస్తారు, మనం ఇంజన్ టార్క్ మాత్రమే పెంచి గేర్‌బాక్స్‌ను అలాగే వదిలేస్తే దెబ్బ అక్కడే తగులుతుంది. దయచేసి తొందరపడకండి. నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు, వారి మాట కూడా వినండి.

ఇనుపకొక్కెం

తమ్ముడూ, మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది పొగ కాదు, వేడి కాదు. ఆ పెడల్. పదకొండేళ్ల కిందట నాకూ అలాగే జారింది, పక్కన నా దగ్గర పనిచేసే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. అదుపు తప్పిన బండ్ల కోసం రోడ్డు పక్కన కంకర పోసి ఉంచిన ఎదురువాలు దారి ఒకటి దొరికింది కాబట్టి ఇద్దరం బతికి ఉన్నాం. ఆ రోజు నుంచి కొత్త పని ఏది చేయించాలన్నా ముందు ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈ బండి తనలో పుట్టే వేడిని బయటికి పంపగలుగుతోందా, లేదా? ఎక్కేటప్పుడు ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ, దిగేటప్పుడు బ్రేకులకూ అదే ప్రశ్న. మీ బండి ఇప్పుడు ఆ మూడింటిలోనూ తడబడుతోంది. అలాంటిదానికి చిప్ అంటే పొయ్యిలో ఇంకో కట్టె పెట్టడమే.

కొంచెం లెక్క చెబుతాను. బండి, ట్రైలర్ కలిపి 5,500 కిలోలు అనుకుందాం. ఆరు శాతం వాలులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, ఆ బరువును పైకి లేపడానికే దాదాపు 45 కిలోవాట్లు కావాలి. గాలి, టైర్ల నిరోధం దాని మీద అదనం. డీజిల్ ఇంజన్ తాను తాగిన ఇంధనంలో మంచి పరిస్థితుల్లో కూడా నలభై శాతం చుట్టుపక్కలే చక్రాలవైపు పంపుతుంది. మిగిలిందంతా వేడి. కొంత పొగ గొట్టం నుంచి పోతుంది, కొంత రేడియేటర్ మోయాలి. చదును నేల మీద సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా సరిపోతుంది. ఎక్కుడులో తొమ్మిది కిలోమీటర్లు ఏకబిగిన లాగేటప్పుడు దాని అసలు సంగతి బయటపడుతుంది.

కాబట్టి ముందు రేడియేటర్ చూడండి. ముందునుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, మోసపోకండి. ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది), రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మీలాగా మట్టి పనుల్లో తిరిగే బండికి ఆ పొరల నడుమ ఎండుమట్టి, గడ్డి, పురుగులు దుప్పటిలా పేరుకుంటాయి. పై బిగింపులు వదులుచేసి టార్చి వేసి చూడాలి. నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, ఎదురుగా కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది. ఒత్తిడి ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి, నెమ్మదిగా చేయండి. తర్వాత రేడియేటర్ మూత. చిన్న వస్తువే కానీ అది ఒక బార్ అదనపు పీడనం నిలబెడితే మామూలు నీరు కూడా 120 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు ఎండిపోయిన మూత ఉంటే ఆ రక్షణ పోయినట్టే. ఇంజన్ చల్లారకుండా మాత్రం మూత తీయవద్దు.

ఆపైన ఫ్యాను. మీది బెల్టుతో తిరిగే విస్కస్ క్లచ్ ఫ్యాను అయి ఉండాలి. వేడి బాగా పెరిగినప్పుడు అది పట్టుకుని హోరుమని మోగాలి. మీ ఎక్కుడులో ఆ హోరు ఎప్పుడైనా విన్నారా? వినకపోతే క్లచ్‌లోని సిలికాన్ నూనె కారిపోయి ఉండవచ్చు.

డాష్‌బోర్డు ముల్లును నమ్మవద్దు. చాలా బండ్లలో అసలు ఉష్ణోగ్రత 80 ఉన్నా 100 ఉన్నా ముల్లు మధ్యలోనే ఉండేలా చేసి పెడతారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివి చూపే చిన్న పరికరం) ఒకటి తీసుకుని కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రతలు అంకెల్లో చూడండి. నా లెక్కలో మొదటి అప్‌గ్రేడ్ ఇదే, ఎందుకంటే ఆ అంకెలు లేకుండా మిగతా ఏ పని ఫలితాన్నీ తేల్చలేం.

నల్ల పొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని. ఇంజన్‌కు సత్తువ తగ్గిందని గారేజీవాళ్లు అన్నది నిజమే కావచ్చు, కానీ ఆ సత్తువ ఎక్కడ పోయిందో వెతకలేదు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) నుంచి ఇంటర్‌కూలర్‌కూ, అక్కడి నుంచి ఇంజన్‌కూ వెళ్లే రబ్బరు గొట్టాలను చేత్తో తడమండి, ముఖ్యంగా కింది వైపు, క్లిప్పు పక్కన. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు చీలిక మూసుకుని ఉంటుంది, లోడు పడి బూస్టు (ఆ గాలి పీడనం) పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. చుట్టూ నూనె తడి కనిపిస్తే అక్కడే గాలి పోతోందని అర్థం. గాలి ఫిల్టర్ కూడా ఇప్పుడే తీసి చూడండి. తవ్వకాల దగ్గర తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క వర్తించదు.

గాలి తగ్గి డీజిల్ అంతే పడితే పొగ గొట్టంలో వేడి పెరుగుతుంది. టర్బోకు ముందు ఆ వాయువుల ఉష్ణోగ్రత చాలాసేపు 700 డిగ్రీలు దాటి ఉండటం ఇలాంటి ఇంజన్లకు మంచిది కాదు. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి, స్వచ్ఛమైన అల్యూమినియం 660 దగ్గరే కరుగుతుంది. లోపలి లోహం అంత వేడెక్కదు, నూనె జల్లు దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది, కానీ ఆ తేడానే మన ఆసరా. మీకు చెప్పిన చిప్, రైలు (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) పీడనం సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె అయి ఉంటుంది. అసలు పీడనం కంటే తక్కువ ఉందని అది కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది, కంప్యూటర్ పీడనం పెంచి ఎక్కువ డీజిల్ పంపిస్తుంది. ఇంజన్‌ను కాపాడాల్సిన కంప్యూటర్‌కు తప్పుడు లెక్క ఇచ్చి అంత బరువుతో కొండ ఎక్కడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

గేర్ల ఊగిసలాట గురించి. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) లాక్ అయి ఉన్నంతసేపు పెద్దగా వేడి పుట్టదు. లాక్ విడిపోయి జారుతున్నప్పుడు నూనెను చిలికినట్టు అయి వేడెక్కుతుంది. నాలుగుకీ అయిదుకీ మధ్య ఊగిన ప్రతిసారీ మీ బండిలో అదే జరుగుతోంది. ఎక్కుడు మొదలవకముందే చేత్తో నాలుగులోకో మూడులోకో దించి అక్కడే ఉంచండి. ఇంజన్ నిమిషానికి 2,400 చుట్ల దగ్గర తిరిగితే నీళ్ల పంపు, ఫ్యాను వేగంగా తిరుగుతాయి, టర్బో గాలి బాగా ఇస్తుంది. 1,500 దగ్గర మూలుగుతూ లాగడం కంటే ఇంజన్‌కు ఇదే సుఖం. డీజిల్ కొంచెం ఎక్కువ తాగితే తాగనివ్వండి.

ఆ పెద్ద టైర్ల సంగతి. ఎంత పెద్దవి? పాతవాటికంటే ఎనిమిది శాతం ఎత్తు పెరిగాయనుకోండి, వెనక ఇరుసులోని క్రౌన్ గేరు నిష్పత్తి 3.73 ఉన్న బండి 3.45 ఉన్నట్టు లాగుతుంది. ఇంజన్ పట్టు ఆ మేరకు తగ్గింది, బ్రేకులకు భారం ఆ మేరకు పెరిగింది, స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే మీరు 108లో పోతున్నారు. పాత కొలత టైర్లు తిరిగి వేయండి. గారేజీవాళ్లు అమ్మజూపిన చిప్‌లో కొంత భాగం మీకు అలా ఊరికే దొరుకుతుంది.

ఇక గాలి స్ప్రింగులు. అవి బండి వెనకభాగాన్ని లేపి చూపిస్తాయి, మోసే సామర్థ్యాన్ని పెంచవు. ఇరుసు అదే, ఫ్రేము అదే. కమాను పట్టీలు రెండు చివరలా పంచుకునే భారాన్ని ఫ్రేము మీద ఒకే చోట మోపుతాయి. అక్కడ ఫ్రేము వంగిన బండ్లను నా కళ్లతో చూశాను.

బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చారు? గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. పెడల్ తొక్కితే ఆ బుడగలే నలుగుతాయి, బ్రేకు పడదు. మీకు జరిగింది బహుశా అదే. ద్రవం మొత్తం మార్చి, ప్యాడ్లు, డిస్కులు చూపించేదాకా ఆ కొండ దిగవద్దు. ఇది నా మాటగా కాక మీ ఇంట్లో పెద్దవాడి మాటగా తీసుకోండి.

చివరగా, 2,580 అన్నది తూచిన బరువా, కాగితం మీద కూడిన బరువా? పనికి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, మనుషులు, సామాను అన్నీ ఉంచి వేబ్రిడ్జి మీద తూచండి. బండి ఒక్కటి, ఆ తర్వాత ట్రైలర్ తగిలించి బండి ఇరుసులు విడివిడిగా, ట్రైలర్ ఇరుసులు. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి.

రెండు ఇరుసులు

ఇనుపకొక్కెం గారు బండి గురించి చెప్పారు, నేను ట్రైలర్ గురించి చెబుతాను. మేము పడవలు లాగుతాం, చక్రాలు నీళ్లలో మునుగుతాయి, కాబట్టి బేరింగులు, బ్రేకులు మాకు రోజూ ఉండే బెంగే.

మీ ట్రైలర్‌కు ఏ రకం బ్రేకులు? ఓవర్‌రన్ బ్రేకులైతే, అంటే ట్రైలర్ వెనక నుంచి నెట్టినప్పుడు వాటంతట అవే పడేవైతే, వాలులో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీరు ఇంజన్ బ్రేకుతో దిగుతున్నంతసేపూ ట్రైలర్ హిచ్‌ను, అంటే బండికి తగిలించే కొక్కేన్ని, నెడుతూనే ఉంటుంది, కాబట్టి దాని బ్రేకులు కూడా సన్నగా పట్టుకునే ఉంటాయి. అడుగున చేరేసరికి డ్రమ్ములు బాగా కాలి ఉంటాయి. మధ్యలో ఒకచోట ఆగి చల్లారనివ్వడం మంచిది. హ్యాండ్ బ్రేకు లాగకుండా చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టండి.

ఆగినప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు హబ్బులూ కొలవండి. చాలామంది బాగా వేడిగా ఉన్నదాన్నే వెతుకుతారు. మిగతా మూడూ వేడెక్కి ఒకటి మాత్రం చల్లగా ఉంటే అది కూడా జబ్బే. ఆ చక్రం బ్రేకు పనిచేయడం లేదు, దాని వంతు మిగతావి మోస్తున్నాయి.

టైర్ల వయసు చూడండి. పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 3518 అని ఉంటే 2018లో 35వ వారం. ట్రైలర్ టైర్లు అరిగిపోయి పోవడం అరుదు, ఎండకు పగిలి పోతాయి. గాలి ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 80, 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ టార్క్ రెంచితో సరిచూడండి.

కొండదారి

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఆ పనికి వెళ్లలేదు. బండి దగ్గరే ఉన్నాను.

ముందు అంకెలు. బండి ఒక్కటే, ఇద్దరు మనుషులు, పనిముట్ల పెట్టె, వెనక డీజిల్ పీపాతో 2,780 కిలోలు. ట్రైలర్ తగిలించాక బండి ముందు ఇరుసు 1,360, వెనక ఇరుసు 1,560. ట్రైలర్ ఇరుసులు 3,040. మొత్తం 5,960. అంటే ట్రైలర్ 2,580 కాదు, 3,180. నేను యంత్రం కాగితం మీద ఉన్న బరువు, ట్రైలర్ ఖాళీ బరువు మాత్రమే కలిపి లెక్కేసుకున్నాను. రాళ్లు పగలగొట్టే సుత్తి, మూడు బకెట్లు, తర్వాత వెల్డింగ్ చేయించిన ఇనుప ర్యాంపులు ఏవీ లెక్కలోకి రాలేదు. 600 కిలోలు తప్పుగా అనుకుంటూ ఇన్నాళ్లు ఈ దారిలో తిరిగాను. బండి తలుపు దగ్గరి పలకలో రెండూ కలిపి పరిమితి 5,850 అని ఉంది. 3,500 ఒక్కటే చూసుకుని ఆ అంకె ఎప్పుడూ చదవలేదు.

రేడియేటర్ విప్పాను. ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య మట్టి అట్టకట్టి ఉంది, అడుగు భాగంలో మూడో వంతు పూర్తిగా మూసుకుపోయింది. గంటన్నర కడిగాను. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం కింద, క్లిప్పు పక్కన, నా బొటనవేలంత చీలిక దొరికింది. మీరు చెప్పిన చోటే. గొట్టం మార్చాను. ఫ్యాను క్లచ్ బాగానే ఉంది. బ్రేకు ద్రవం టీ రంగులో ఉంది, మొత్తం మార్చి డాట్ 4 పోయించాను, ముందు ప్యాడ్లు గాజులా మెరుస్తున్నాయి, అవీ మార్చాను.

ట్రైలర్‌కు ఓవర్‌రన్ బ్రేకులే. చదును దారిలో పదేపదే బ్రేకు వేసి హబ్బులు కొలిచాను. మూడు 60, 70 మధ్య ఉన్నాయి, ఎడమ వెనకది 31. డ్రమ్ము విప్పితే గ్రీజు సీలు పోయి లైనింగు అంతా జిడ్డు. రెండు ఇరుసులు గారు చల్లని చక్రం గురించి రాయకపోతే నేను దాన్ని మంచి చక్రం అనుకునేవాడిని. ఆ ఇరుసు రెండు వైపులా లైనింగు, సీళ్లు, బేరింగులు మార్పించాను.

టైర్లు పాత కొలతకంటే ఎనిమిది శాతమే పెద్దవి, సరిగ్గా మీరు అన్నంత. పాత కొలతవి తెప్పిస్తున్నాను. గేర్‌బాక్స్ ఆయిల్ ముదురు గోధుమ రంగులో ఉంది, కొంచెం మాడిన వాసన. జీవితాంతం మార్చక్కర్లేదని అన్నారు కాబట్టి ఇప్పటిదాకా ముట్టుకోలేదు. ఇప్పుడేం చేయాలి?

ఇనుపకొక్కెం

తమ్ముడూ, నాలుగు రోజులు పని మానుకుని ఇదంతా చేసినందుకు నాకు నిజంగా ఆనందంగా ఉంది.

ముందు బరువు చూద్దాం. మీ అంకెల్లో ఇంకో సంగతి ఉంది, గమనించారా? తగిలించాక బండి ఇరుసుల మీద మొత్తం 2,920. ఒంటరిగా 2,780. అంటే ట్రైలర్ హిచ్ మీద మోపుతున్నది 140 కిలోలే, ట్రైలర్ బరువులో నాలుగున్నర శాతం కూడా లేదు. ఇలాంటి సామాను ట్రైలర్‌కు నేను పది శాతానికి దగ్గరగా పెట్టుకుంటాను, హిచ్ మీద రాసిన పరిమితి దాటకుండా. తక్కువైతే వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, వాలులో దిగేటప్పుడు అది పెరుగుతూ పోతుంది. మీ యంత్రాన్ని ముందుకు జరపండి. ఎంత జరపాలో లెక్కకట్టవచ్చు: యంత్రం బరువును జరిపిన దూరంతో గుణించి, హిచ్ నుంచి ఇరుసుల మధ్యకు ఉన్న దూరంతో భాగించండి, వచ్చేదే హిచ్ మీద పెరిగే బరువు. సుత్తి, అదనపు బకెట్లు ఆ రోజు పనికి అవసరమైతేనే ఎక్కించండి.

జరిపాక మళ్లీ తూచడం మరచిపోవద్దు. హిచ్ మీద పెరిగిన ప్రతి కిలో బండి మోసే బరువులో కలుస్తుంది. వెనక ఇరుసు మీద అంతకంటే ఎక్కువే పడుతుంది, ముందు ఇరుసు తేలికవుతుంది, ఎందుకంటే హిచ్ ఇరుసుకు వెనక ఉంది. బండి మొత్తం పరిమితి ఎంతో పలకలో చూసుకోండి, డీజిల్ పీపా దించాల్సి రావచ్చు.

గేర్‌బాక్స్ ఆయిల్. జీవితాంతం అన్నది తేలికగా తిరిగే బండి గురించి అనుకున్నా కూడా నేను నమ్మను, లాగే బండికైతే అస్సలు కాదు. ఆ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 120 దాటి తరచూ తిరిగితే త్వరగా పాడై లోపల వార్నిష్‌లా అంటుకుంటుంది. యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించవద్దు, ఇంత కాలం కదలని మడ్డి లేచి వాల్వులలో ఇరుక్కుంటుంది. పాన్ విప్పి కారినంత కారనిచ్చి, ఫిల్టర్ మార్చి, పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. అలా కారేది మొత్తంలో సగం కూడా ఉండదు, మిగిలింది కన్వర్టర్‌లో ఉంటుంది. కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి, వీలైతే మూడోసారి. మట్టం చూసేటప్పుడు ఆయిల్ ఉష్ణోగ్రత పుస్తకంలో చెప్పినంత ఉండాలి, చల్లగా చూస్తే తప్పు లెక్క వస్తుంది. పాన్‌లోని అయస్కాంతానికి బూడిదలాంటి మెత్తటి పొడి అంటుకుని ఉంటే కంగారు లేదు. మెరిసే ముక్కలు కనిపిస్తే నాకు చెప్పండి.

మీరు డబ్బు పెట్టాలనుకుంటే, చిప్‌కు పెట్టేది గేర్‌బాక్స్‌కు విడి ఆయిల్ కూలర్ మీద పెట్టండి. చలి ప్రాంతంలో తిరిగేదైతే థర్మోస్టాట్ ఉన్నది తీసుకోవాలి, నూనె మరీ చల్లబడినా గేర్లు సరిగా పడవు. రెండోది, టర్బో ముందు ఉష్ణోగ్రత చూపే మీటరు. ఎక్కుడులో ఆ అంకె నా బండిలో 680కి చేరిందంటే నేను కాలు తీసేస్తాను. పైకి చేరాక ఇంజన్ వెంటనే ఆపను, రెండు నిమిషాలు ఊరికే తిరగనిస్తాను, టర్బో బేరింగులో నూనె మాడకుండా.

మిగతావి చకచకా చెబుతాను. ఇంజన్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్ పుస్తకంలో మామూలు వాడకానికి రాసిన గడువులో సగానికే మార్చండి. మీ ఇంజన్‌లో డీజిల్ 1,600 బార్ దాకా పీడనంతో ఇంజెక్టర్లకు వెళ్తుంది, లోపలి ఖాళీలు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కంటే తక్కువ. ఒక్క చుక్క నీరు చాలు చెడగొట్టడానికి. మీరు పీపాలో డీజిల్ మోస్తారు కాబట్టి ఇది మీకు రెండింతలు వర్తిస్తుంది, ఫిల్టర్ అడుగున నీరు వదిలే మర తిప్పడం వారానికొకసారి అలవాటు చేసుకోండి. వెనక క్రౌన్ ఆయిల్ చాలామంది మరచిపోయేది, అది కూడా మార్పించండి.

డీపీఎఫ్ ఉన్న బండివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. మీకు లోడుతో నల్లపొగ బయటికి కనిపించిందంటే ఫిల్టరే పగిలి ఉండవచ్చు, లేదా పాత యజమాని తీయించేసి ఉండవచ్చు. ఆ ఫిల్టర్ మసిని తగలబెట్టుకోవడానికి సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. దగ్గరి దూరాలే తిరిగి మధ్యలో ఆపేస్తుంటే ఆ పని పూర్తికాక, కాలని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషించవద్దు.

దిగడం గురించి మళ్లీ చెబుతున్నాను. మీ కొండ ఎత్తు 540 మీటర్లు. 5,960 కిలోలు అంత ఎత్తు నుంచి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 94 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. గాలి, టైర్లు, ఇంజన్ కొంత తీసుకుంటాయి, మిగిలిందంతా బ్రేకులదే. పెట్రోలు ఇంజన్‌లాగా డీజిల్‌కు గాలిని అడ్డుకునే పలక ఆధారం ఉండదు, కాలు తీసినంత మాత్రాన అది గట్టిగా పట్టుకోదు. పైన ఉండగానే ఎక్కిన గేరుకంటే ఒకటి తక్కువలో వేసుకోండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచవద్దు, గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి, ఆ వదిలిన వేళలోనే డిస్కులు చల్లారతాయి.

నల్లపొగ

విడి కూలర్ వేయించేటప్పుడు దాన్ని రేడియేటర్ ముందు అతికినట్టు బిగించనివ్వకండి. నాది అలా పెట్టారు, రెండింటి మధ్య మళ్లీ మట్టి చేరింది. వేలు దూరేంత ఖాళీ ఉంటే కడగడానికి వీలవుతుంది.

కొండదారి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

సుత్తి, ఒక బకెట్ ఇంటి దగ్గర ఉంచాను. యంత్రాన్ని 20 సెంటీమీటర్లు ముందుకు జరిపాను. డీజిల్ పీపా దించేశాను, మీరు అన్నట్టే దానితో బండి పరిమితి 3,050ని దాటేది. ఇప్పుడు బండి ఇరుసులు రెండూ కలిపి 3,015, అందులో వెనకది 1,710. ట్రైలర్ ఇరుసులు 2,670. మొత్తం 5,685. హిచ్ మీద 290 కిలోలు, హిచ్ పరిమితి 350. గాలి స్ప్రింగులలో గాలి తగ్గించి ఉంచాను, తీయించేస్తాను.

పాత కొలత టైర్లు వచ్చాయి. గేర్‌బాక్స్ కూలర్ పెట్టించాను, నల్లపొగ గారు చెప్పినట్టు వేలు దూరేంత ఖాళీతో. కూలర్ పెట్టకముందు ఒకసారి ఓబీడీ రీడర్‌తో ఎక్కి చూశాను: గేర్‌బాక్స్ ఆయిల్ 121కి చేరింది, అది కూడా రేడియేటర్ కడిగి, చేత్తో నాలుగో గేరులో ఉంచాక. అంతకు ముందు రెండు నెలలు ఎంత ఉండేదో తలచుకుంటే భయం వేస్తోంది. ఇప్పుడు అదే దారి, మధ్యాహ్నం ఎండలో, 103 దగ్గర ఆగింది. కూలెంట్ 98 దాటలేదు. పొగ లేదు. మూడో గేరులో గంటకు 45 కిలోమీటర్లతో ఎక్కుతున్నాను. వెనక వచ్చే బండ్లకు వీలున్న చోట దారి ఇస్తున్నాను.

దిగేటప్పుడు రెండో గేరు. మధ్యలో వెడల్పున్న చోట పది నిమిషాలు ఆగుతాను. నాలుగు హబ్బులూ 20 డిగ్రీల తేడాలో ఉన్నాయి. పెడల్ పైనే పట్టుకుంటోంది. మొదటిసారి దిగినప్పుడు నా పక్కన కూర్చున్న పనివాడు ఏమీ మాట్లాడలేదు, కిందికి చేరాక మాత్రం ఇవాళ వాసన రాలేదు అన్నాడు.

చిప్ వద్దని గారేజీకి చెప్పేశాను.

గేర్‌బాక్స్ పాన్ అయస్కాంతం మీద మెత్తటి పొడే ఉంది, ముక్కలు లేవు. మొదటిసారి తీసిన ఆయిల్ ఒక సీసాలో దాచాను. రెండో విడత ఆదివారం మారుస్తున్నాను, రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఫొటో ఇక్కడ పెడతాను. ఇనుపకొక్కెం గారూ, రంగు చూసి మూడోసారి అవసరమో కాదో చెప్పండి.

ఇనుపకొక్కెం

పెట్టండి తమ్ముడూ, చూస్తాను. ఫొటో తెల్ల కాగితం ముందు, పగటి వెలుతురులో తీయండి. ట్రైలర్ చక్రాల నట్లు మళ్లీ బిగించి చూశారా?

కొండదారి

90 కిలోమీటర్ల దగ్గర చూశాను. కుడి వెనక చక్రానికి రెండు నట్లు పావు మలుపు తిరిగాయి.